మూరెడు తక్కువ

కింద మగ్గాలు ఆగితే తప్ప మా ప్రార్థన మాకు వినిపించేది కాదు. షోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర మేము అద్దెకున్న గది మల్లేశం గారి పవర్‌లూమ్ కార్ఖానా మీద ఉండేది. పొద్దున్నే మోకరిస్తే మోకాళ్ల కింద నేల సన్నగా వణికేది. ప్రవీణ్ తమిళంలో, నేను తెలుగులో ఎవరి మాట వాళ్లం దేవుడికి చెప్పుకుని లేచేవాళ్లం. ఒక్కోసారి సగంలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. అప్పుడు మా గొంతులు అరుపుల్లాగా వినబడి ఇద్దరం సిగ్గుపడేవాళ్లం.

అది రెండు వేల ఇరవై రెండు ఎండాకాలం. నేను మోర్మన్ చర్చి మిషనరీని. మా చర్చిలో పెళ్లికాని కుర్రాళ్లు రెండేళ్లు ఇల్లు వదిలి, చర్చి పంపిన ఊళ్లో, చర్చి కలిపిన జోడీతో సేవ చేస్తారు. నా జోడీ ప్రవీణ్. రాజమండ్రిలో బీఎస్సీ పాసయ్యాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఉద్యోగం వెతుక్కోవలసిన సమయంలో తెల్ల చొక్కా వేసుకుని, జేబు మీద నల్ల పేరుబిళ్ల పెట్టుకుని బయల్దేరాను. మా నాన్న స్టేషన్ దాకా వచ్చి పెట్టె మోశాడు.

షోలాపూర్‌లో నేతపనివాళ్లు తెలుగు మాట్లాడతారు కాబట్టి నన్ను అక్కడికి పంపారు. దిగేసరికి బోర్డులన్నీ మరాఠీ, బస్సులో మాటలన్నీ మరాఠీ. పరాయి దేశంలో దిగినట్టు ఉంది. తీరా మా పేటకు వస్తే అందరూ తెలుగువాళ్లే. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని మీద వచ్చిన పద్మశాలీలు. అయినా వాళ్ల తెలుగు నాకు, నా తెలుగు వాళ్లకు అందడానికి కొంతకాలం పట్టింది. నేను "మల్లేశం గారండీ" అంటే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

మాకు కొన్ని నియమాలు ఉండేవి. జోడీని విడిచి ఎక్కడికీ పోకూడదు. పెద్ద మగవాడు లేని ఇంట్లోకి, ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు, అడుగు పెట్టకూడదు. టీ, కాఫీ, పొగాకు ముట్టకూడదు. మల్లేశం గారు పగలంతా కార్ఖానాలో ఉండేవాడు. ఆయన భార్య సావిత్రమ్మ గడపలో కూచుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. మాతో మాట్లాడాలంటే ఆమె గడపలో, మేము మెట్ల మీద. మొదటిరోజే టీ పంపింది. వద్దన్నాం. గ్లాసులు అలాగే వెనక్కి తీసుకుపోతూ ఆమె మొహం చిన్నబోవడం చూశాను. మర్నాడు నిలదీసింది.

"చాయ్ తాగరు, బీడీ తాగరు, సిన్మా చూడరు, పోరిల దిక్కు చూడరు. మరి ఏం జేస్తరు బిడ్డా, గీ వయసుల?"

దేవుడి పని చేస్తామని చెప్పాను. పేరుబిళ్ల మీద ఉన్న 'ఎల్డర్' అంటే అర్థమేమిటని లోపల్నుంచి మల్లేశం గారు అడిగాడు. పెద్దమనిషి అని చెప్పాను. ఆయన కార్ఖానా గుమ్మంలోకి వచ్చి, చొక్కా మీది నూలు దులుపుకుంటూ నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"మీసం సక్కగ రాలే. పెద్దమనిషట."

ఆ తర్వాత సావిత్రమ్మ మాకు టీ బదులు నిమ్మకాయ సర్బత్ పంపేది. నన్ను బిడ్డా అని, ప్రవీణ్‌ను మద్రాసోడా అని పిలిచేది. అతనిది కోయంబత్తూరు అని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

వాళ్ల కొడుకు ఓంకార్ ఫోటో గడపలోంచి కనబడేది. ఇంజనీరింగ్ డిప్లొమా చదువుతూ ముందటి ఎండాకాలం కరోనాలో పోయాడు. నా వయసువాడే. అతని గురించి వాళ్లు మాతో మాట్లాడేవాళ్లు కాదు. మేమూ అడిగేవాళ్లం కాదు. వాళ్ల కూతురు శీతల్ బీకాం చదువుతోంది. అద్దెకున్నవాళ్లు ఎవరో ఏమిటో తెలుసుకుందామని ఆ పిల్ల ఫోన్‌లో మా చర్చి గురించి వెతికింది. అందులో చదివినదేదో తల్లికి చెప్పింది.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. సావిత్రమ్మ తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"మీ దాంట్ల సచ్చిపోయినోళ్లకు గూడ నీళ్లు వోస్తరట గద?"

నేను ప్రవీణ్ వైపు చూశాను. అతనికి అర్థం కాలేదు. మాలో అది ఉన్నమాట నిజం. బాప్తిస్మం పొందకుండా చనిపోయినవాళ్ల కోసం, మామూలు సభలు జరిగే చోట కాకుండా మేము గుడి అనే ప్రత్యేక మందిరంలో, బతికున్న వ్యక్తి ఒకరు తెల్లబట్టలు కట్టుకుని, పోయినవాళ్ల పేరు మీద నీళ్లలో మునుగుతారు. ఆ సంగతి అంతవరకే చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"తెల్లబట్టలు గడ్తరా?"

"కడతారమ్మా."

"నిండ మునుగుతడా? తలకాయ గూడ?"

"తల కూడా."

ఆమె కత్తిరించిన ఆకులు చాటలోకి ఎత్తింది. తర్వాత చెప్పింది. ఓంకార్‌ను ఆస్పత్రిలో వీళ్లకు చూపించలేదు. నల్ల సంచిలో చుట్టి బండిలో పెట్టారు. మల్లేశం గారు గేటు బయట నిలబడి బండి పోవడం చూశాడు. వాళ్లలో మనిషి పోతే ఇంటివాళ్లు స్నానం చేయించి, కొత్తబట్ట కప్పి సాగనంపాలి. అవేవీ జరగలేదు. ఆమె ఏడవలేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"తానం లేకుంట పోయిండు నా కొడుకు. మీ గుడిల వాని పేరు మీద ఆ నీళ్లు వోయిస్తవా బిడ్డా?"

అది స్నానం కాదని చెప్పడానికి ప్రయత్నించాను. మా పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అది క్రీస్తును ఒప్పుకోవడమనీ, పాపాలు కడుక్కోవడమనీ, పోయినవాడు ఆ లోకంలో దాన్ని తీసుకోవచ్చు, వద్దనవచ్చనీ. కడుక్కోవడం అన్న మాట దగ్గర ఆమె తల ఊపింది. మిగతాది ఎంత విన్నదో నాకు తెలియదు.

"మా ఓంకార్ వద్దనడు. వానికి రోజు రెండుమాట్ల తానం జేసే అలవాటు."

ఆ రాత్రి ప్రవీణ్‌కు అంతా వివరించాను. అతను నాకంటే సీనియర్, నియమం తప్పని మనిషి, మంచివాడు. మన పై నాయకుణ్ణి అడుగుదాం అన్నాడు. మర్నాడు మెట్ల మీద కూచుని ఫోన్ చేశాం. ఆయన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. చాలా దయగా మాట్లాడాడు. ఆ తల్లి కోసం ప్రార్థిస్తానన్నాడు. చనిపోయినవాళ్ల పేరు సొంత రక్తసంబంధీకులే ఇవ్వాలి, వాళ్లు మన సభ్యులై ఉండాలి. ఆమె చేరదలిస్తే భర్త ఒప్పుకోవాలి. అన్నిటికంటే ముందు ఆమె నమ్మాలి, తన కోసం తాను అడగాలి. తొందరపెట్టవద్దు, నేర్పించండి, సమయం పట్టనివ్వండి. పైగా దేశంలో మనకు రాబోయే మొదటి గుడి, బెంగుళూరులోది, ఇంకా కట్టుబడిలోనే ఉంది కదా అన్నాడు.

సావిత్రమ్మ బీడీలకు దారం చుడుతూ నా పెదాలనే చూస్తోంది. అంత పొడుగు మాట తెలుగులోకి వచ్చేసరికి నాలుగు ముక్కలైంది. ఆ నాలుగింటిలో ఆమె ఒక్కటి ఏరుకుంది.

"మా ఆయన ఊఁ అనాలె. గంతే గద?"

"అంతే కాదమ్మా. మీరు నమ్మాలి. మీ కోసం మీరు అడగాలి."

"నా కోసం నేనేం అడుగుత బిడ్డా?"

ఆ రోజు నుంచి, మల్లేశం గారు భోజనానికి వచ్చి ఇంట్లో ఉండే గంటలో, మేము లోపల కూచుని ఆమెకు పాఠాలు చెప్పాం. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. పొగాకు నియమం వచ్చినప్పుడు ఆమె తన చేతులు చూపించింది. తాగకూడదు కానీ చుట్టడం పని కాబట్టి ఫరవాలేదన్నాను. నేను చుట్టకపోతే తాగేటోళ్లు ఎట్ల తాగుతరు అని అడిగింది. నేను పాఠం పుస్తకంలో పేజీ తిప్పాను. పాఠం చివర మేము అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంటుంది. ఇదంతా నిజమని నమ్ముతున్నారా అని. అడిగాను.

"నాకు తెల్వది బిడ్డా. ఓంకార్‌కు నీళ్లు వోస్తరంటే మాత్రం నమ్మిన."

నమ్ముతున్నానని ఒక్కమాట అంటే నేను ముందుకు ఒక అడుగు వేయగలిగేవాణ్ణి. ఆమె అలా అంటే బాగుండునని ఆ క్షణంలో నేను కోరుకున్నాను. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. మేము ఆమెకు నేర్పుతున్నదీ అబద్ధం ఆడవద్దనే.

భర్త సంగతి ఎత్తినప్పుడు ఆయన కళ్లు తెరిచాడు.

"నేను వద్దంటే?"

"అయితే ఇవ్వమండీ. మా నియమం."

"ఊఁ అంటే? ఆమె మన మార్కండేయ దేవునికి దండం బెట్టుడు బంద్ జెయ్యాల్నా?"

అవునని నేను అనలేదు. కానీ కాదని కూడా అనలేదు. ఆయన లేచి కార్ఖానాలోకి వెళ్లిపోయాడు. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

కొన్నాళ్లకు ఆయన నన్ను వెనక రేకుల షెడ్డు దగ్గరికి పిలిచాడు. ప్రవీణ్ గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడ ఆయన తండ్రి నేసిన చెక్క మగ్గం ఉంది. దాని మీద ఉన్న పాత సామానంతా తీసి దులిపి పెట్టాడు. నన్ను గోడకు ఆనుకుని నిలబడమన్నాడు. మోచెయ్యి నుంచి వేళ్ల కొస దాకా మూర వేస్తూ, పాదం నుంచి తల దాకా కొలిచాడు. తల మీద రెండు వేళ్లు అడ్డం పెట్టాడు.

"వాడు నీకంటె గింత పొడుగు."

ఎందుకని అడిగాను. ఆయన కార్ఖానాలో మగ్గాల మీద, కూలికి నేయించుకునే సేట్ ఇచ్చిన నూలుతో రంగురంగుల చద్దర్లు పడుతుండేవి. పగలూ రాత్రీ అవే. ఆయన అటువైపు చెయ్యి చూపించాడు.

"నా చేతుల మీదికెల్లి ఎన్ని చద్దర్లు పోయినయో నాకే యాదికి లేదు. నా కొడుకు మీద ఒక్కటి గప్పలే. గుడి మీది, నీళ్లు మీయి. బట్ట మాత్రం నాది గావాలె పిలగా."

ఆ కార్ఖానా మగ్గాల మీద తెల్లబట్ట వేయాలంటే అప్పటికే ఎక్కించి ఉన్న సేట్ పడుగు, నిలువు పోగులన్నీ, కోసెయ్యాలి. అందుకే చెక్క మగ్గం. నా మనసులో ఒక్కటే మెదిలింది. ఊఁ అనలేదు కదా, మరి బట్ట ఎవరి కోసం? అడగలేకపోయాను. మా గుడిలో బయటి బట్ట తీసుకోరని కూడా చెప్పలేకపోయాను. ఆ సంగతి ఆయనకు చెప్పడం నా విధి. ఆయన అప్పటికే కింద కూచుని, పోగు కొస నోట్లో తడిపి ముడి వేస్తున్నాడు.

నన్ను కొలిచిన సంగతి తెలిసి సావిత్రమ్మ ఆయన్ను గట్టిగా తిట్టింది. బతికున్న పిల్లగాన్ని గా బట్టకు కొలుస్తవా, బుద్ధి ఉందా అని. నన్ను గడప ముందర నిలబెట్టి ఉప్పు, మిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో పోసింది. ప్రవీణ్ దగ్గుతూ, దీని గురించి మన నియమాల పుస్తకంలో ఏమైనా ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. లేదనుకుంటా అన్నాను.

సావిత్రమ్మ రాట్నం మీద కండెలు చుట్టి ఇచ్చేది. శీతల్ కాలేజీ నుంచి వచ్చి పడుగు పోగులు ఒక్కొక్కటే ఎక్కించడంలో సాయం చేసింది. మల్లేశం గారికి ఆ మగ్గం మీద కూచునే తీరిక కరెంటు పోయినప్పుడే. కార్ఖానా అంతా ఆగిపోగానే వెనక షెడ్డులోంచి చెక్క మగ్గం చప్పుడు మొదలయ్యేది. మేము పైన ప్రార్థనలో ఉంటే ఆ చప్పుడు కోసం చెవి పెట్టేవాళ్లం. ఆ ఎండాకాలం కరెంటు ఎక్కువసార్లు పోవాలని కోరుకున్నవాళ్లు షోలాపూర్‌లో మేమే అయి ఉంటాం.

ఓంకార్ సంవత్సరీకం దగ్గరపడుతోంది. ఒక సాయంత్రం గంగాధర్ అనే కులపెద్ద వచ్చాడు. తెల్ల టోపీ, మెత్తని మాట. సావిత్రమ్మ ఇచ్చిన టీ తాగి, మమ్మల్ని కూడా కిందికి పిలిపించాడు. మీరు మంచి పిల్లలే, మీ మీద నాకేం కోపం లేదన్నాడు. పేటలో నలుగురూ నాలుగు మాటలు అంటున్నారన్నాడు. తర్వాత మల్లేశం గారి వైపు తిరిగాడు.

"రేపు పోరి లగ్గం జెయ్యాలె గద మల్లేశం. ఎవరన్న నీ గడప తొక్కాల్నా వద్దా?"

మల్లేశం గారు నేల చూస్తూ కూచున్నాడు. మేము ఎవరినీ బలవంతం చేయలేదని, అసలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని నేను చెప్పాను. గంగాధర్ ఓపికగా విన్నాడు.

"నువ్వు ఇయ్యలేదు బిడ్డా. నిజమే. కానీ ఆయన వెనక మగ్గం ఎందుకు నడుస్తున్నది?"

ఆయన పోతూ పోతూ నా భుజం తట్టాడు. బెదిరించి ఉంటే నాకు ఇంతకంటే సులువుగా ఉండేది.

వారం వారం జరిగిన సంగతులన్నీ పైకి చెప్పడం ప్రవీణ్ బాధ్యత. చెప్పాడు. చెప్పకపోతే అది అబద్ధమవుతుంది. ఇంటివాళ్లకు ఇబ్బంది కాకూడదు, మీరిద్దరూ అక్కడి నుంచి వచ్చేయండి అని జవాబు వచ్చింది. అతన్ని ఒక ఊరికి, నన్ను ఒక ఊరికి వేశారు. మర్నాడే రైలు. నాయకులు చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. శీతల్ మంచి కోరే వాళ్లెవరైనా అదే చెప్పేవాళ్లు.

కిందికి వెళ్లి చెప్పాను. సావిత్రమ్మ చాటలోని బీడీల కట్టలు సర్దుతూ ఉండిపోయింది. మల్లేశం గారు కార్ఖానాలోకి పోయి మగ్గాలన్నీ ఆపేశాడు. కరెంటు ఉండగా ఆయన మగ్గాలు ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ పూటంతా వెనక షెడ్డులోంచి చెక్క మగ్గం చప్పుడు వచ్చింది.

మర్నాడు పొద్దున పెట్టెలతో దిగేసరికి ఆయన షెడ్డులోంచి బట్ట మడిచి తెస్తున్నాడు. కొసన పోగులు ఇంకా వేలాడుతున్నాయి. మగ్గం మీదనుంచి అప్పుడే కోశాడు. నా భుజాల మీద వేసి చూడబోతే సావిత్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బతికున్న పిల్లగాని మీద ఎయ్యకు."

ఆయన గడప లోపల నేల మీద చాప వేసి, దాని మీద బట్ట పరిచాడు. తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. చాప మీద ఎవరూ లేకపోయినా అందరికీ కొలత తెలుస్తూనే ఉంది.

"మూరెడు తక్కువైంది," అన్నాడాయన. "ఇంకొక్క పూట దొరికితే అయిపోతుండె."

సావిత్రమ్మ వంగి కాళ్లవైపు అంచు పట్టుకుని కిందికి లాగింది. తలవైపు జారింది. మళ్లీ పైకి సర్దింది. మళ్లీ కిందికి లాగింది. లాగితే సాగుతుందేమో అన్నట్టు అలాగే చేస్తూ ఉంది. చివరికి శీతల్ వచ్చి తల్లి చేతులు పట్టుకుంది.

మల్లేశం గారు బట్ట మడిచి నా చేతిలో పెట్టాడు. నా ఎదురుగా నిలబడి, జేబు మీది పేరుబిళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"నేను ఊఁ అంటున్న పిలగా. నా నోటితోనే అంటున్న. మీ సార్లకు జెప్పు."

ఆయన ఏమంటున్నాడని ప్రవీణ్ అడిగాడు. ఇంగ్లీషులో చెప్పాను. ప్రవీణ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. కాసేపటికి ఆటో హారన్ కొట్టింది. చెబుతానండీ అన్నాను. చెప్పాను కూడా. మా నాయకుడు చాలా సంతోషించాడు, ఆ కుటుంబం కోసం మళ్లీ ప్రార్థిస్తానన్నాడు. అక్కడ పని మళ్లీ మొదలైనప్పుడు చూద్దామన్నాడు. నాకు తెలిసి అక్కడ పని మళ్లీ మొదలు కాలేదు.

మిగిలిన నెలలు వేరే ఊళ్లలో చేసి ఇంటికొచ్చాను. ఇప్పుడు రాజమండ్రిలో ఒక మందుల కంపెనీలో లెక్కలు చూస్తున్నాను. బట్ట నా పెట్టెలోనే ఉంది. మంచి దుప్పటి కదా, ఎందుకు వాడవని మా అమ్మ ఒకసారి పైకి తీసింది. మళ్లీ లోపల పెట్టమన్నాను. దాన్ని గుడికి ఇవ్వలేను, తీసుకోరు. వాళ్లకు వెనక్కి ఇవ్వలేను. ఎవరికీ కప్పలేను.

ఏటా ఎండాకాలంలో, ఓంకార్ పోయిన రోజుల్లో, శీతల్ ఫోన్ కలిపి తల్లికి ఇస్తుంది. పోయిన వారం కూడా చేసింది. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆమె నా ఆరోగ్యం, మా అమ్మ ఆరోగ్యం, నా పెళ్లి సంగతి అడిగింది. మద్రాసోడు బాగున్నడా అని అడిగింది. ఆ తర్వాత, నేను ఎదురుచూస్తున్న మాట అడిగింది.

"మీ గుడి ఎక్కడిదాక వచ్చింది బిడ్డా?"

"ఇంకా కడుతున్నారమ్మా."

"కట్టనియ్. తొందరేమున్నది. ఆయన అడుగుతున్నడు, బట్ట పురుగు వట్టకుంట జూసుకుంటున్నవా అని."

"చూసుకుంటున్నానమ్మా. వేపాకు వేశాను."

ఆదివారం మా సభలో, బెంగుళూరు గుడి త్వరగా పూర్తి కావాలని ఎవరో ఒకరు ప్రార్థన చేస్తారు. అందరితో పాటు నేనూ తల వంచుతాను. చివర అందరూ ఆమెన్ అంటారు. నేనూ అంటాను. అందరి గొంతులూ ఆగిపోయాక అంటాను.